కాపలావాడి ఇంట్లోనే దొంగ

సాగర్ ఎడమ కాలువకు నీళ్లొదిలారంటే హాలియా చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికీ తీరిక ఉండదు. నార్లు, నాట్లు, కూలీల కోసం పొద్దున్నే పరుగులు... సరిగ్గా అప్పుడే ఓ ఇంట్లో ఇలాంటి మాటలు నడుస్తున్నాయనుకోండి.

"రెండు నెలలు గోలీలు మింగిన. దగ్గు పోయింది, జరం పోయింది. ఇంకెందుకే?"

"ఆరు నెలలు ఏసుకోవాల్నని ఆశక్క చెప్పింది గదా!"

ఆయన వాదనలో తప్పేముంది? జ్వరం తగ్గగానే మాత్రలు పక్కన పడేయడం చదువుకున్నవాళ్లూ చేసే పనే. ఒంట్లో బాగున్నా, టీబీకి మాత్రం ఇంకో నాలుగు నెలలు మందులు వాడాలంటారు డాక్టర్లు. అది వాళ్ల చాదస్తం కాదు. ఆ క్రిమి దాక్కునే చోటు అలాంటిది.

ఊపిరితిత్తుల్లోని గాలి గదుల్లో మాక్రోఫేజ్‌లనే కణాలు తిరుగుతుంటాయి. ఒక రకంగా కాపలావాళ్లు. పీల్చిన గాలితో పాటు ఏ సూక్ష్మజీవి వచ్చినా గుటుక్కున మింగేస్తాయి. మింగినదాన్ని చిన్న సంచిలో బంధిస్తాయి. ఆమ్లం, జీర్ణరసాలు నిండిన మరో సంచి వచ్చి దానితో కలిసిపోతుంది. అంతే, లోపలున్నది కరిగిపోతుంది. మామూలు క్రిములకైతే కథ అక్కడితో సరి.

టీబీ క్రిమి కూడా అలాగే లోపలికి వెళుతుంది. కానీ చావదు! మైనం లాంటి మందపాటి పైపొర దానికి కవచం. పైగా, ఆ రెండు సంచులూ కలవకుండా అడ్డుపడే పదార్థాలను వదులుతుంది. చంపడానికి తీసుకెళ్లిన ఇంట్లోనే మంచం వేసుకుని కూర్చుంటుందన్నమాట. రాబర్ట్ కాక్ ఈ క్రిమిని కనిపెట్టినట్టు ప్రకటించింది 1882 మార్చి 24న. దాని ఆనవాలు అప్పుడే దొరికింది కానీ, కణం లోపల అది నడిపే వ్యవహారం బయటపడటానికి దశాబ్దాలు పట్టింది. ఇప్పటికీ అంతా తెలిసిపోలేదు.

ఆ గుట్టు విప్పుతున్న చోట్లలో హైదరాబాద్ ఒకటి. ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీలో డాక్టర్ సంగీతా ముఖోపాధ్యాయ్ బృందం ఏళ్లుగా ఈ పనిమీదే ఉంది. పీపీఈ18 అనే టీబీ క్రిమి ప్రొటీన్ మాక్రోఫేజ్ పైనుండే ఓ గ్రాహకానికి అతుక్కుని, రోగనిరోధక శక్తిని చల్లబరిచే ఐఎల్-10ను ఎక్కువగా తయారు చేయిస్తుందని 2009లో ఈ బృందం చూపింది. 'ఏమీ లేదు, పడుకో' అని కాపలావాడికి జోకొట్టడమే అది.

2014లో బయటపెట్టిన సంగతి ఇంకా చిత్రమైంది. రోగం సోకిన కణం, లోపలున్న శత్రువు ముక్కల్ని పైకి తెచ్చి జెండాలా చూపిస్తుంది. అది చూసే మిగతా రక్షణ కణాలు దాడికి దిగుతాయి. ఆ జెండా నిలబడటానికి బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే మన ప్రొటీన్ కర్రలా పనికొస్తుంది. టీబీ క్రిమి వదిలే ఈశాట్-6 ప్రొటీన్ ఆ కర్రనే పట్టుకుని పైకి రానివ్వదు. ఇక జెండా ఎలా ఎగురుతుంది? బయటివాళ్లకు లోపల దొంగ ఉన్నట్టే తెలియదు.

అన్నట్టు, పుట్టగానే పిల్లలకు వేసే బీసీజీ టీకాలోని బలహీనపరిచిన క్రిమికి ఈ ఈశాట్-6 లేదు. అందుకే, చర్మం మీద చేసే కొత్త తరహా టీబీ పరీక్షలో దీన్ని వాడుతున్నారు. టీకా వేయించుకున్నవారికీ, నిజంగా క్రిమి సోకినవారికీ తేడా తెలిసిపోతుంది. దొంగ పనిముట్టే దొంగను పట్టిస్తోంది!

ఇప్పుడు ఆరు నెలల లెక్క చూద్దాం. పేగుల్లో ఉండే ఈ.కొలై బ్యాక్టీరియా అనుకూలంగా ఉంటే 20 నిమిషాల్లో రెండవుతుంది. టీబీ క్రిమికి దాదాపు 20 గంటలు పడుతుంది. కొన్నయితే కదలకుండా నెలల తరబడి నిద్రలో ఉంటాయి. మందులు చాలావరకు చురుగ్గా పెరిగే క్రిముల మీదే బాగా పనిచేస్తాయి. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులిచ్చేది వాటి కోసమే. అవి చస్తే దగ్గు, జ్వరం తగ్గుతాయి. తర్వాతి నాలుగు నెలల మందులు ఆ నిద్రపోతున్న మొండిఘటాల కోసం. మధ్యలో మానేస్తే తిరిగి లేచేవి అవే. కొన్ని మందులకు లొంగకుండా తయారయ్యే ప్రమాదమూ ఉంది. అలాంటి టీబీకి ఒకప్పుడు ఏడాదిన్నర దాటి మందులు వాడాల్సి వచ్చేది. దానికీ ఆరు నెలల్లో ముగిసే కొత్త చికిత్సకు మన దేశంలో 2024లో అనుమతి లభించింది.

పాతరోజుల్లో టీబీ అంటే అనంతగిరి కొండల మీది శానిటోరియం గుర్తొచ్చేది. రోగిని ఇంటికి దూరం చేయడమే వైద్యమనుకునేవారు. ఆ నమ్మకాన్ని తిరగరాసింది మద్రాసు. అక్కడ 1956లో మొదలైన పరిశోధన, పేదల ఇరుకు ఇళ్లలో ఉంటూ మందులు వాడినా శానిటోరియంలో ఉన్నవారితో సమానంగా నయమవుతుందని నిరూపించింది. ఇంట్లోవాళ్లకు ముప్పు పెరగదనీ తేల్చింది. ఈనాడు హాలియాలో మాత్రలు ఇంటిదగ్గరే వేసుకోగలుగుతున్నారంటే దాని చలవే.

మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. తిండికోసం నెలకు 500 రూపాయలు ఇవ్వడం 2018లో మొదలై, 2024 నవంబరు నుంచి 1,000 అయింది. వెయ్యితో గుడ్లు, పప్పు ఎన్నాళ్లొస్తాయన్నది వేరే సంగతి. కానీ తిండి సరిగ్గా లేని ఒంట్లో కాపలా కణాలూ నీరసపడతాయి కాబట్టి, అది మందుతో సమానమైన ఖర్చే.

ఇంకో చిన్న విషయం, చాలామంది ఇంట్లో కూడా చెప్పుకోనిది. రిఫాంపిసిన్ వేసుకున్న రోజుల్లో మూత్రం నారింజ రంగులో వస్తుంది. నెత్తురేమోనని హడలిపోనక్కర్లేదు. అది ఆ మందు రంగే.