కొండదారికి ముందు

నెల రోజులుగా కామాటిపురలో మా చాల్ ముందు మూడు మోటారు సైకిళ్లు చక్రాలు విప్పుకొని కూర్చున్నాయి. ఒకే మెట్లు ఎక్కి దిగి పెరిగిన మేము ముగ్గురము యీ వేసవిలో లడాఖ్ వెళ్లి రావాలని సంకల్పించాము. అడిగినవారికల్లా దారి చెప్పి చెప్పి మాకే కంఠస్థమయింది.

బండ్లను రైలు పార్సిలులో ఢిల్లీకి పంపుతాము. ట్యాంకులో పెట్రోలు ఖాళీ చేస్తేగాని పార్సిలువారు పుచ్చుకోరు. ఢిల్లీ నుంచి జమ్మూ, శ్రీనగర్, కార్గిల్ మీదుగా లేహ్ చేరి, తిరిగి రావడం మనాలి దారిన. యిలా ఎంచుకోవడానికి కారణం వుంది. శ్రీనగర్ సుమారు 1,600 మీటర్ల ఎత్తు, కార్గిల్ 2,700, లేహ్ 3,500. మజిలీ మజిలీకీ వొళ్లు కొంత అలవాటు పడుతుంది. మహారాష్ట్రలో అన్నిటికన్న ఎత్తయిన కల్సూబాయి శిఖరమే 1,646 మీటర్లు! ఇక తిరుగుదారిలోని తంగ్లాంగ్ లా కనుమ 5,328 మీటర్లు. అక్కడ ఊపిరికి అందే ప్రాణవాయువు బొంబాయిలో అందేదానిలో సగానికి కొంచెం ఎక్కువ. మా పాతకాలపు కార్బురేటరు బండ్లకూ అదే అవస్థ. గాలి తగ్గి, పెట్రోలు పాలు ఎక్కువై, ఇంజను నీరసిస్తుంది.

ఆ దారిలోని తాండి పెట్రోలు బంకు దగ్గర, తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరమని బోర్డు చాలాకాలం వుండేది. మా ట్యాంకులో పట్టేది పదమూడు లీటర్లు. లీటరుకు ముప్పయి కిలోమీటర్లు వచ్చినా అంచుకు అంచు సరిపోతుంది. అందుకని బండికి అయిదు లీటర్ల డబ్బా ఒకటి కట్టుకొంటున్నాము. క్లచ్ తీగలు, ప్లగ్గులు, ట్యూబులు, గాలి పంపు సర్దుకొన్నాము. మొదటిసారి పంక్చరు వేసుకోవడానికి రెండు గంటలు పట్టింది. గల్లీ పిల్లలు చుట్టూ చేరి నవ్వారు. యిప్పుడు అరగంట చాలు.

కాని అసలు పాఠం మాళ్‌షేజ్ ఘాటులో నేర్చుకొన్నాము. అలవాటుకోసం అక్కడికి వెళ్లిన రోజున మాలో ఒకడు తల తిరుగుతున్నా దాచిపెట్టి, మలుపులో జారి పడ్డాడు. మోకాలు చెక్కుకుపోయింది. “ఎందుకు చెప్పలేదురా?” అంటే, “మీరు నవ్వుతారని” అన్నాడు. మాకు నోట మాట రాలేదు. ఎత్తు ప్రదేశాలలో తలనొప్పి, వాంతి దాచుకొని పైకి పోతే వూపిరితిత్తులలోనో మెదడులోనో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చునని డాక్టరుగారు హెచ్చరించివున్నారు. దానికి మొదటి వైద్యం కిందికి దిగడమే.

ఆ రాత్రి చాల్ వరండాలో ఒక కట్టుబాటు చేసుకొన్నాము. లేహ్‌లో రెండు రోజులు కదలకుండా విశ్రాంతి. ఎవరికి నలతగా వున్నా వెంటనే చెప్పాలి. చెప్పినవాణ్ణి ఎగతాళి చేయరాదు. ఒకడు దిగితే ముగ్గురమూ దిగాలి.

18వ శతాబ్దం చివర, రైలు లేని రోజులలో, తెలంగాణా ప్రాంతం నుంచి కూలిపనికి వచ్చిన కామాటీల పేరే యీ పేటకు నిలిచింది. వారిది పొట్టకోసం చేసిన ప్రయాణం. మాది సరదా. సరదాకు ప్రాణం పణం పెట్టే హక్కు మాకెక్కడిది?

మా కట్టుబాటు విని పక్కగది అవ్వ అన్నది: “ఎక్కుడు గొప్ప గాదు బిడ్డా, దిగి యింటికి వచ్చుడు గొప్ప.”

మా మూటలలో ఆ మాటనే అన్నిటికన్న పైన పెట్టుకొన్నాము.