మెదడుకూ ఆకలేస్తుంది

జాబ్రియాలో ఉండే మనకు ఫోర్త్ రింగ్ రోడ్డు దాటితే హవల్లీ. అక్కడి ఇబ్న్ ఖల్దూన్ వీధి తెలియని పిల్లవాడు మన బడిలో ఉండడంటే అతిశయోక్తి కాదేమో! కంప్యూటర్లు, వాటి విడిభాగాలు, వీడియో గేములు అమ్మే దుకాణాలకు ఆ వీధి పెట్టింది పేరు. "నాన్నా, ఈ శుక్రవారం హవల్లీ వెళ్దామా?" అని పిల్లలు అడిగారంటే ఆ ప్రశ్నకు అర్థం ఏమిటో, జేబుకు ఎంత చిల్లో మనకు వేరే చెప్పక్కర్లేదు. ఇంతకీ ఆ వీధికి ఎవరి పేరు పెట్టారో ఎప్పుడైనా ఆలోచించారా?

ఇబ్న్ ఖల్దూన్ 1332లో ట్యూనిస్‌లో పుట్టి, 1406లో కైరోలో కన్నుమూసిన గొప్ప చరిత్రకారుడు. 1377లో ఆయన రాసిన 'ముఖద్దిమా' (మన భాషలో 'పీఠిక' అనుకోవచ్చు) ఈనాటికీ చదువుతున్నారు. మనిషికీ జంతువుకీ తేడా ఆలోచనే అంటాడాయన. ఆ ఆలోచనతోనే మనిషి బతుకుతెరువు వెతుక్కుంటాడు, తోటివారితో కలిసి పనిచేస్తాడు, చేతిపనులు నేర్చుకుంటాడు. ఆ పుస్తకంలోనే మరో మాట కూడా ఉంది. ఒక సమాజంలో ముందు అవసరాలు తీరతాయి, తర్వాత సౌకర్యాలు, చిట్టచివర వినోదాలు వస్తాయి. పాటలు పాడే కళ అన్నిటికన్నా ఆలస్యంగా వస్తుందనీ, సమాజం క్షీణించేటప్పుడు అన్నిటికన్నా ముందు మాయమవుతుందనీ ఆయన లెక్క.

ఆ లెక్క ప్రకారం చూస్తే, రోజులు బాగోలేనప్పుడు ఆయన పేరు పెట్టిన వీధిలోనే ముందుగా షట్టర్లు దిగాలి. కానీ 2009లో నేను చూసింది వేరు. అప్పటినుంచీ ఈ విషయం నా బుర్రలో తిరుగుతూనే ఉంది. మన సంచికకి ఏదైనా రాయమని అడిగితే అదే రాస్తున్నాను.

కొత్తగా వచ్చినవారి కోసం ఆ రోజుల గురించి కాస్త చెప్పాలి. 2008 జులైలో పీపా 147 డాలర్లు పలికిన ముడిచమురు, ఆ ఏడాది డిసెంబరుకల్లా 40 డాలర్ల కిందకి పడిపోయింది. అక్టోబరులో ఇక్కడి బ్యాంకు డిపాజిట్లకు ప్రభుత్వమే హామీ ఉంటానని ప్రకటించాల్సి వచ్చింది. నవంబరులో కోర్టు ఉత్తర్వుతో స్టాక్ ఎక్స్ఛేంజి కొన్నాళ్ళు మూతపడింది. మాలాంటి ఉద్యోగులకు ఆ వార్తలన్నీ ఒకే భాషలో వినిపించాయి: జీతం ఆలస్యం! నేను ఒక నిర్మాణ సంస్థలో ఎకౌంటెంటుని. 2009 మొదట్లో వరసగా మూడు నెలలు జీతం రాలేదు. చాలామంది ఫ్యామిలీలను ఇండియా పంపేసి, ముగ్గురు నలుగురు కలిసి ఒక ఫ్లాటులో సర్దుకున్నారు. అకామా ఉంటుందో ఊడుతుందో తెలియని భయం ప్రతి ఇంట్లోనూ ఉండేది. మన తెలుగు క్లాసులో కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి.

ఒక రాత్రి మా ఆవిడా, నేనూ కాగితం పెట్టుకుని ఖర్చుల జాబితా రాశాం. వేసవి సెలవులకి ఇంటికెళ్ళే ప్రయాణం కొట్టేశాం. శుక్రవారం హోటలు భోజనం కొట్టేశాం. మా అబ్బాయికి కొనిస్తానన్న గేము దగ్గరికి వచ్చేసరికి మా ఆవిడ నా పెన్ను పట్టుకుంది.

"ఏమండీ, అదొక్కటీ ఉండనివ్వండి. నలుగురం ఒకసారి సినిమాకెళ్ళి, బయట తిని వస్తే పదిహేను దినార్లు మూడు గంటల్లో ఆవిరైపోతాయి. ఆ డబ్బుతో వాడు మూడు నెలలు ఆడుకుంటాడు. పైగా ఆడటం అయ్యాక ఆ కొట్లోనే తిరిగిచ్చి పాతది మార్చుకోవచ్చట" అంది.

ఎకౌంటెంటునైన నాకే లెక్క నేర్పిందన్నమాట! గంటకు ఎంత పడుతుందో చూస్తే, ఆ జాబితాలో అంత చవకైన వినోదం మరొకటి లేదు. తర్వాత హవల్లీ వెళితే, మాలాగే లెక్కలు వేసుకొచ్చిన తండ్రులు బోలెడుమంది కనిపించారు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. అమెరికాలో వీడియో గేముల యంత్రాలు, గేములు అన్నీ కలిపి 2007లో సుమారు 1,800 కోట్ల డాలర్ల అమ్మకాలు జరిగాయి. బ్యాంకులు కూలిన 2008లో అవి సుమారు 2,130 కోట్లకు పెరిగాయి! కార్లు అమ్ముడుపోవడం లేదు, ఇళ్ళు అమ్ముడుపోవడం లేదు, గేములు మాత్రం అమ్ముడుపోతున్నాయి. "మాంద్యం మమ్మల్నేం చేయలేదు" అని ఆ రంగంవారు మురిసిపోయారు కూడా. అయితే 2009లో అవి సుమారు 1,970 కోట్లకు తగ్గాయి. అంటే గేములు గొడుగులాంటివి. జల్లుకి బాగానే ఆగుతాయి, ముసురు పడితే అవీ తడుస్తాయి. కోవిడ్ వచ్చిన 2020లో అక్కడ గేముల మీద ఖర్చు అంతకుముందు ఏడాదికన్నా 27 శాతం పెరిగిందనీ, ధరలు మండిపోయిన 2022లో సుమారు 5 శాతం తగ్గిందనీ చదివినప్పుడు అదే గొడుగు మళ్ళీ గుర్తొచ్చింది.

చవక కాబట్టే అమ్ముడుపోతున్నాయి అనుకుంటే కథ ఇక్కడితో కంచికి వెళ్ళిపోయేది. కానీ 1983 సంగతి అలా వెళ్ళనివ్వదు. అమెరికాలో 1981, 82 సంవత్సరాల్లో గట్టి మాంద్యం. ఆ మాంద్యంలో వీడియో గేముల వ్యాపారం మూడు పువ్వులూ ఆరు కాయలుగా సాగింది. ఆర్థికవ్యవస్థ కోలుకోవడం మొదలైన 1983లో, అంటే జనం చేతిలో డబ్బులు ఆడుతున్న వేళ, ఆ వ్యాపారం కుప్పకూలింది! 300 కోట్ల డాలర్లు దాటిన అమ్మకాలు 1985 నాటికి సుమారు 10 కోట్లకు పడిపోయాయని చెబుతారు. కారణాలు చాలా ఉన్నా, ముఖ్యమైనది నాసిరకం గేములు కుప్పలుతెప్పలుగా మార్కెట్టులోకి రావడం. అటారీ సంస్థ అమ్ముడుపోని సరుకును న్యూమెక్సికోలోని ఆలమొగార్డో ఊరి చెత్తదిబ్బలో పూడ్చేసింది. 2014లో తవ్వితే ఆ పెట్టెలు బయటపడ్డాయి కూడా. ఉత్త కాలక్షేపం బఠాణీలే జనానికి కావాలనుకుంటే, ఆ గేములూ చెల్లిపోవాలి కదా? ధర తగ్గించినా తీసుకోలేదు. మెదడుకు పని పెట్టని ఆటను పిల్లలే పక్కన పడేశారు.

మరి మెదడుకు కావలసిందేమిటి? అవసరం వస్తేనే మనిషి ఆలోచిస్తాడని మనం చిన్నప్పటినుంచీ వింటున్నాం. ఆకలి, భయం, డబ్బు — ఈ మూడే మెదడుని నడిపిస్తాయనుకుంటాం. 1949లో హ్యారీ హార్లో అనే శాస్త్రవేత్త అమెరికాలోని విస్కాన్సిన్‌లో కోతుల ముందు గొళ్ళెం లాంటి చిక్కుముడి ఒకటి పెట్టాడు. దాన్ని విప్పితే తిండి లేదు, విప్పకపోతే దెబ్బ లేదు. అయినా కోతులు దాన్ని విప్పుతూనే ఉన్నాయి, రోజురోజుకీ నేర్పు పెంచుకున్నాయి! 1971లో ఎడ్వర్డ్ డెసీ ఇంకో ప్రయోగం ప్రకటించాడు. కాలేజీ విద్యార్థులకు ముక్కలు పేర్చే ఒక పజిల్ ఇచ్చి, కొందరికి విప్పినందుకు డబ్బులిచ్చాడు, కొందరికి ఇవ్వలేదు. తర్వాత గదిలో వాళ్ళను ఒంటరిగా వదిలి, ఇష్టమైనది చేసుకోమన్నాడు. డబ్బు పుచ్చుకున్నవారు ఆ పజిల్‌తో గడిపిన సమయం తగ్గిపోయింది. కూలి అలవాటయ్యాక సరదా పారిపోయిందన్నమాట.

ఈ పుస్తకాల మాటలన్నిటికన్నా నాకు బాగా అర్థమయ్యేట్టు చెప్పింది మాత్రం అప్పటి మా బిల్డింగు హారిస్. రాయచోటి వైపు మనిషి. 2009 వేసవిలో, సాయంత్రాలు మెట్ల కింద చల్లటి గచ్చు మీద సుద్దముక్కతో గీతలు గీసి, బకాలా కుర్రాడితో పులి-మేక ఆడేవాడు. మూడు పులులు, పదిహేను మేకలు. పులులకి సీసా మూతలు, మేకలకి గులకరాళ్ళు. దాన్ని మించిన చవక ఆట ఏ వీధిలో దొరుకుతుంది చెప్పండి! "పొద్దంతా పని చేసి అలిసిపోతావు కదా, మళ్ళీ ఈ బుర్ర బద్దలుకొట్టుకోవడం ఎందుకు?" అని అడిగాను.

"ఏంది సార్, పొద్దంతా ఎవురో చెప్పిన పని చేస్తాం. మంచిగా చేసినా కాగితం ఇచ్చి పొమ్మంటే పోవాల్సిందే. ఈడ అట్ల కాదు. మేక నాది, ఎత్తు నాది. ఓడినా ఎందుకు ఓడినానో నాకు తెలుస్తాది" అన్నాడు.

నాకు ఆ రోజు విషయం తెలిసొచ్చింది. మాంద్యం తీసుకుపోయేది డబ్బుని మాత్రమే అనుకుంటాం. మన పనికీ దాని ఫలితానికీ ఉన్న ముడిని కూడా అది తెంపేస్తుంది. ఎంత బాగా పనిచేసినా ఉద్యోగం పోవచ్చు, ఏ తప్పూ లేకుండానే జీతం ఆగిపోవచ్చు. అలాంటి రోజుల్లో, ఆలోచిస్తే ఫలితం కనిపించే చోటు ఒక్కటైనా కావాలని మనిషి తపిస్తాడు. అందదనిపించేంత పైన లేకుండా, గెంతితే అందేంత ఎత్తులో ఒక అడ్డంకి ఉండాలి. ఓడితే ఎందుకు ఓడామో కనపడాలి. మళ్ళీ ప్రయత్నించే వీలుండాలి. ఈ మూడూ ఉంటే మెదడు దానంతటదే పరుగెడుతుంది. మంచి గేము అమ్మేది ఆ మూడిటినే. అందుకే కష్టకాలంలో అది మిగతావాటికన్నా కాస్త ఎక్కువ రోజులు నిలబడుతుంది.

నేను గేముల తరఫున వకాల్తా పుచ్చుకోవడం లేదండోయ్! ఇదే కిటుకు పట్టుకుని, ఆలోచన తీసేసి, బహుమతుల ఎర మాత్రమే చూపించి పిల్లల చేత గంటల తరబడి ఫోన్లు నొక్కించే ఆటలు ఇప్పుడు కోకొల్లలు. వాటిని దూరంగా పెట్టాల్సిందే.

మన కువైట్‌లోనే ఇంకో ముచ్చట ఉంది. 1982లో ఇక్కడి సూక్ అల్ మనాఖ్ అనే షేర్ల బజారు కూలిపోయింది. ముందు తేదీలు వేసి రాసుకున్న చెక్కుల విలువే సుమారు 9,400 కోట్ల డాలర్లట! అదే 1982లో మహమ్మద్ అల్ షారిఖ్ అనే కువైటీ ఆర్థికవేత్త అరబ్బీ భాషలో పనిచేసే కంప్యూటర్ల కోసం ఒక సంస్థ పెట్టాడు. అదే 'సఖ్ర్'. ఆ కంప్యూటరులో గేములు ఆడుకోవచ్చు, సొంత భాషలోనే ప్రోగ్రాములూ రాసుకోవచ్చు. 1990 ఆక్రమణ తర్వాత ఆ సంస్థ కైరోకి తరలిపోయింది. 2024లో ఆయన కన్నుమూశాడు. కానీ సొంత భాషనీ ఆటనీ ఒకే పెట్టెలో పెట్టి పిల్లల చేతికివ్వాలన్న ఆలోచన, దేశం అప్పుల్లో మునిగిన ఏడాదే మొలకెత్తిందని గుర్తుంచుకోవాలి.

ఆ పని మనవాళ్ళు ఎప్పుడో చేశారు. అవధానంలో నిషిద్ధాక్షరి అంటే ఏమిటి? కవి ఒక అక్షరం వేయగానే, తర్వాత ఫలానా అక్షరం వాడకూడదని పృచ్ఛకుడు అడ్డం పడతాడు. కవి దాన్ని తప్పించుకుని ఇంకో దారి వెతుక్కోవాలి. గేములో లెవెల్ దాటడానికీ దీనికీ తేడా ఏముంది! దత్తపదిలో పొంతన లేని నాలుగు మాటలిచ్చి పద్యం చెప్పమంటారు. 2009లో మిగిలిన పదిమంది పిల్లలతో మేం క్లాసులో ఈ దత్తపదినే వాక్యాలతో ఆడించాం. 'బిర్యానీ, ఒంటె, అమ్మమ్మ, విమానం' అని బోర్డు మీద రాస్తే, "అమ్మమ్మ విమానంలో తెచ్చిన బిర్యానీ ఒంటె తినేసింది" అని ఒక పాప చెప్పింది. క్లాసంతా నవ్వులే నవ్వులు! ఒక వారం ఎవరిదో పుట్టినరోజని చాక్లెట్లొచ్చాయి. వాక్యానికో చాక్లెట్ అన్నాం. వెంటనే "ఇది ఒంటె", "ఇది విమానం" అంటూ పొట్టి వాక్యాలు వరుసకట్టాయి. డెసీగారి ప్రయోగం మన జాబ్రియాలోనే జరిగిందనుకోండి!

ఆ పదిమందిలో ఒక బాబు ఉండేవాడు. వాళ్ళ నాన్నగారి ఉద్యోగం పోయింది. ఇంట్లో అందరూ గుసగుసగా మాట్లాడుకునే రోజులు. పిల్లాడు క్లాసులో కూడా తలెత్తేవాడు కాదు. దత్తపది మొదలెట్టిన మూడోవారం మాత్రం అందరికన్నా ముందు చెయ్యెత్తాడు. జూన్‌లో వాళ్ళ కుటుంబం బుధవారం విమానానికి వెళ్ళిపోతోందని వాడికీ తెలుసు, మాకూ తెలుసు. అంతకుముందు శుక్రవారం క్లాసు అయ్యాక నా దగ్గరికొచ్చి, "మాస్టారూ, వచ్చేవారం ఇచ్చే నాలుగు మాటలూ ఇప్పుడే చెప్పేయరా? విమానంలో ఆలోచించుకుంటాను" అని అడిగాడు. కాగితం మీద రాసిచ్చాను.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. క్లాసు నుంచి ఇంటికెళ్ళే దారిలో "ఈరోజు ఎన్ని మార్కులు?" అని అడిగేముందు, "ఈరోజు ఏం చిక్కుముడి ఇచ్చారు?" అని అడగండి. వాళ్ళు చెబితే మీరూ విప్పడానికి ప్రయత్నించండి. జవాబు మీకు తెలిసినా, హవల్లీ సిగ్నలు దాటేదాకా మాత్రం చెప్పకండి!