ఎక్కే మెట్టు, దిగే మెట్టు

ఆటకు వర్గముండదని చెప్పేవారు మనలో ఇంకా ఉన్నారు. గెలిచినవాడు గెలిచినట్టే, ఓడినవాడు ఓడినట్టే గదా, ఇందులో వర్గమెక్కడిదని వారి ప్రశ్న. మైదానం లోపల అది నిజమే కావచ్చు. కాని ఎవరితో ఎవరు ఆడాలో నిర్ణయించేది మైదానం కాదు.

2022-23 రంజీ పోటీలలో హైదరాబాదు జట్టు తన గ్రూపులో అట్టడుగున నిలిచి, 'ఎలీట్' తరగతి నుండి 'ప్లేట్' తరగతికి దిగిపోయింది. మా నల్లగొండ, మహబూబ్‌నగర్ కుర్రవాడెవడైనా సొంత గడ్డ తరఫున రంజీ ఆడాలంటే చేరవలసింది ఆ జట్టులోనే. 1937-38లోను, 1986-87లోను ట్రోఫీ నెగ్గిన జట్టు అది. పాత కీర్తి దానిని కాపాడలేదు, కాపాడకూడదు కూడా. మరుసటి ఏడాది ప్లేట్ తరగతిలో నెగ్గి తిరిగి పైకి వచ్చింది. ఫైనల్లో ఓడిన మేఘాలయ కూడా దానితోపాటు పైకెక్కింది.

ఈ పద్ధతి దోషం లేనిదని నేననను. 2024 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్ 172 పరుగులకే ఔటు కాగా, హైదరాబాదు నాలుగు వికెట్లకు 615 చేసింది. తన్మయ్ అగర్వాల్ ఒక్కడే 366 కొట్టాడు. పైకెక్కిన మేఘాలయ 2024-25 ముగిసేసరికి మళ్ళీ కిందికే వచ్చింది. మైదానాలు, శిక్షకులు, డబ్బు లేనివానికి మెట్టొక్కటి చూపించి ఎక్కమనడం సగం న్యాయమే.

ఆ సగం న్యాయమైనా లేని చోటు రగ్బీ ప్రపంచం. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు, వేల్సు, ఫ్రాన్సు ఆడుకునే పోటీలోకి 2000లో ఇటలీ వచ్చి చేరింది. అది 'ఆరు దేశాల పోటీ' అయింది. ఆ తర్వాత ఎవరినీ రానివ్వలేదు. ఇటలీ అందులో 2015 నుండి 2022 దాకా వరసగా 36 ఆటలు ఓడినా దాని స్థానం చెక్కుచెదరలేదు. అదే 2022లో జార్జియా ఇటలీని 28-19తోను, వేల్సును వాళ్ళ కార్డిఫ్‌లోనే 13-12తోను ఓడించింది. అయినా దానికి దక్కింది ఐరోపా రెండవ శ్రేణి పోటీయే. దిగిపోయిన దేశానికి టెలివిజను రాబడి, టిక్కెట్ల రాబడి పోతాయన్నది ఈ ఏర్పాటును సమర్థించేవారి వాదం. అంటే పోటీ ఆటగాళ్ళకు, భద్రత ఆస్తికి!

2026 నుండి 12 దేశాలకు మరొక పోటీ ఏర్పరచారు. అందులో పైకీ కిందికీ రాకపోకలు 2030 నుండి ఉంటాయని ప్రపంచ రగ్బీ సంస్థ 2023లో ప్రకటించింది. ఆకలిగొన్నవానికి ఏడేళ్ళ తర్వాత విస్తరి వేస్తామన్నట్టుంది.

ఈ సంగతి తరగతిలో చెబితే నల్లగొండ కుర్రవాడొకడు లేచి, "ఓడినోణ్ణి దించకుంటే దించకపోయిండ్రు సార్, గెలిచినోణ్ణి ఎక్కనియ్యకపోవుడేంది?" అన్నాడు. ఆ రెండూ ఒకటేనని చెప్పాను. స్థానాలు లెక్కపెట్టి ఉన్నప్పుడు, ఓడినవాడు దిగకుండా గెలిచినవాడు ఎక్కలేడు. గడీల కాలంలో చేతకాని దొర కూడా దొరగానే ఉన్నాడు. వెట్టివాడు ఎంత సమర్థుడైనా గడప బయటనే నిలబడ్డాడు. ఆ కాలం దానంతట అది పోలేదని మా జిల్లాలకు తెలుసు.

కనుక అడగవలసినవి రెండు. పుట్టుకతో వచ్చిన స్థానాలు పోవాలి. దిగినవాడు చితికిపోకుండా, ఎక్కినవాడు నిలదొక్కుకునేటట్టు రాబడి అందరికీ పంచాలి. రెండవది లేనిదే మొదటిది కాగితం మీదనే మిగులుతుంది. దేవరకొండ, జడ్చర్ల పిల్లలకు ఉప్పల్ మైదానం ఎంత దూరమో కొలిచినప్పుడు కూడా ఈ రెండు కొలతలే వాడాలి.