మెట్లు లేని వైపు

హైదరాబాద్ నుంచి వరంగల్ దారిన యాభై కిలోమీటర్లు పోతే భువనగిరి. కోట కన్నా ముందు బండ కనిపిస్తుంది. ఐదు వందల అడుగులకు పైబడిన ఏకశిల. కోటకు చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు చెబుతారు. చూడవచ్చినవాళ్లు మెట్ల దారిన పైకి పోతారు. నేను వచ్చింది మెట్లు లేని వైపు జరిగే చదువు కోసం.

పొద్దున ఏడింటికే గురుకులం అమ్మాయిలు నడుముకు హార్నెస్‌లు బిగించుకుని నిలబడి ఉన్నారు. ఎనిమిది అంకె ఆకారంలో ముడి వేసి, పక్కపిల్లకు చూపించి, ఆమె సరేనన్నాకే బండ మీద కాలు పెడుతున్నారు. కొత్తగా ఎక్కే పిల్ల చేతులతో రాయిని పట్టుకుని ఒళ్లంతా దానికి ఆనిస్తుంది. అట్లా ఆనుకుంటే బరువు కాళ్ల మీద పడక బూటు జారుతుంది. కింద నుంచి శిక్షకురాలి కేక: “బండకు అతుక్కోకు బిడ్డా, లేచి నిలబడు! మడిమ దించు!” పిల్ల లేచింది. బూటు నిలిచింది. కింద ఇంకో పిల్ల తాడు వదులును ఎప్పటికప్పుడు లాగేస్తోంది. బిలే అంటారు దీన్ని. పైనున్న పిల్ల జారినా ఎక్కువ దూరం పడదు.

దిగొచ్చాక అడిగాను, భయం కాలేదా అని.

“అయింది మేడం. గని సగం దాకా పోయినంక దిగాలన్నా భయమే గదా!”

ఈ బండకు పేరు తెచ్చిన పిల్ల మలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాలలో కూలి చేసుకునే గిరిజన దంపతుల బిడ్డ. తాడ్వాయి గురుకులంలో చదివింది. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటి ఖమ్మం జిల్లా పిల్లవాడు ఆనంద్ కుమార్ కూడా ఆ జట్టులోనే ఉన్నాడు. నేపాల్ వైపు పదహారేళ్లు నిండనివాళ్లను ఎక్కనివ్వరు కాబట్టి టిబెట్ వైపు నుంచి వెళ్లారు. ఆ ఏప్రిల్‌లోనే నేపాల్ వైపు మంచుచరియలు విరిగిపడి 16 మంది చనిపోయారు. 2022లో డెనాలీ శిఖరంతో పూర్ణ ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలూ పూర్తిచేసింది.

ఈ కథను మనం పిల్ల ధైర్యం దగ్గర మొదలుపెట్టి అక్కడే ముగిస్తాం. కానీ ఆ ధైర్యం వెనక వేరేవాళ్లూ ఉన్నారు. అప్పట్లో గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పిల్లలను ఇక్కడికి పంపారు. 2007లో ఎవరెస్ట్ ఎక్కొచ్చిన శేఖర్ బాబు బాచినేపల్లి నేర్పారు. తర్వాతి శిక్షణ డార్జిలింగ్, లద్దాఖ్‌లలో. మొదట ఈ బండ ఎక్కినవాళ్లు వందమందికి పైనే. ఎవరెస్ట్‌కు వెళ్లింది ఇద్దరు. మిగిలినవాళ్లు ఏమయ్యారని మనం అడగం.

మడిమ దించమని కేకేసిన శిక్షకురాలు అట్లాగే ఎంపిక కాక మిగిలిన అమ్మాయే. పూర్ణ తర్వాతి జట్లలో ఒకదానిలో ఉండేది. మొదట్లో నాన్న ససేమిరా అన్నాడట, “కాలిరిగితే పెండ్లెట్లయితది?” అని. ఓ ఆదివారం పీఈటీ టీచర్ ఇంటికొచ్చి, అమ్మ పెట్టిన అన్నం తిని, పిల్లలు తాళ్లతో ఎక్కే వీడియో ఫోనులో చూపించింది. అనుమతి పత్రం మీద అమ్మ వేలిముద్ర వేసింది. బండ దాకా రావడానికి నాలుగిళ్లవాళ్లు కలిసి ఒక ఆటో మాట్లాడారు.

మంచుకొండల ఎంపికలో ఆమె పేరు రాలేదు. ఆ రోజు అన్నం ముట్టలేదు. వార్డెన్ ఓదార్చలేదు గానీ పని చెప్పింది: “కొత్త పిల్లలొచ్చిండ్రు, ముడులేసుడు నేర్పు పో.” ఆ నేర్పడమే నిలిచింది. ఇప్పుడు డిగ్రీ చదువుతూ సెలవుల్లో ఇక్కడ శిక్షణ ఇస్తోంది. వచ్చే డబ్బు చెల్లెలి ఫీజుకు పోతుంది. శిఖరం మీద జెండా ఫొటో కన్నా ఈ ఫీజు రసీదు నాకు పెద్ద విషయంగా తోచింది. నిధులు అడిగేటప్పుడు మాత్రం అందరూ ఫొటోనే చూపిస్తారు.

పిల్లలకు ఇంకేం కావాలని అడిగితే ఆమె బూట్లనో తాళ్లనో అడుగుతుందనుకున్నాను. “వాళ్ల అమ్మనాయినలను తీసుకరాండ్రి మేడం. ఎక్కుడు ఒక్కపారి సూస్తే సంతకం వాళ్లే పెడ్తరు” అంది.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఓ పిల్ల ఇట్లాంటి అనుమతి పత్రం పట్టుకుని తిరుగుతుంటే, వద్దనే ముందు ఒకసారి పిల్లలు ఎక్కే రోజు చూసుకుని భువనగిరి రండి. తొమ్మిది దాటితే బండ కాలుతుంది, ఏడింటికల్లా చేరుకోండి.