చెట్టెక్కడం వస్తేనే క్యాంపింగు

క్యాంపింగ్ అంటే మా నాన్న నిర్వచనం ఇది: "ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్ళు డబ్బులు పోసి మరీ చెట్టుకింద పడుకోవడం."

2017లో అమ్మా నాన్నా అమెరికా వచ్చినప్పుడు, లేక్ టాహో వెళ్ళే దారిలో ఎల్డొరాడో నేషనల్ ఫారెస్టులో ఒక క్యాంప్‌గ్రౌండుకి తీసుకెళ్ళాను. పైన్ చెట్ల నీడ ఎంత చిక్కగా ఉందంటే మిట్టమధ్యాహ్నం కూడా స్వెట్టర్ వేసుకోవాల్సొచ్చింది. ఒక్కో కుటుంబానికి ఒక్కో జాగా. ఒక చెక్క బల్ల, నెగడు వేసుకోవడానికి ఇనప చట్రం, ఎలుగుబంటికి తిండి అందకుండా ఒక ఇనప పెట్టె. కాస్త దూరంలో ఫ్లష్ లేని గుంట మరుగుదొడ్డి. అంతే సదుపాయాలు. నాన్న పగలంతా హుషారుగానే తిరిగాడు. రాత్రి మాత్రం గుడారంలోకి రానని భీష్మించి కార్లోనే కూర్చున్నాడు. ఎలుగుబంటి భయం కాబోలు అనుకుని నవ్వుకున్నాం.

అది ఎలుగుబంటి భయం కాదని తెలియడానికి నాకు ఇంకో ఏడేళ్ళు పట్టింది.

2021లో హైదరాబాద్ వచ్చేశాక పిల్లలది ఒకటే నస, క్యాంపింగ్ ఎప్పుడు అని. ఇక్కడ క్యాంపింగ్ పేరుతో అమ్ముతున్నవి చూశాను. ఏసీ గుడారం, బఫే డిన్నరు, పక్కనే డీజే. దానికి హోటల్ రూమే నయం. అప్పుడు తట్టింది, మనకి కార్తీకమాసం వనభోజనాలు ఉన్నాయి కదా అని. ఉసిరిచెట్టు నీడ, చెట్టుకింద వంట, విస్తళ్ళు. రాత్రి పడుకోవడం ఒక్కటే తక్కువ. ఆ ఒక్క ఫీచరూ కలిపేస్తే అచ్చ తెలుగు క్యాంపింగ్ రెడీ :)

2024 కార్తీకంలో, పౌర్ణమి మర్నాడు శనివారం వచ్చింది. గుడివాడ ఫోన్ చేశాను.

"నాన్నా, దివిసీమలో మనూరి వైపు వెళ్దాం. సముద్రం పక్కన సరుగుడు తోటలో ఒక రాత్రి ఉందాం. పిల్లలు సరదా పడుతున్నారు."

అటు నుంచి చాలాసేపు మాట లేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నా.

"నవంబరు నెల్లోనా?" అన్నాడు.

ఆ తర్వాత ఆయన పెట్టిన షరతులు మూడు. ఒకటి, సముద్రం పక్కన కుదరదు, లోపలికి కోడూరు దగ్గర బాబాయి మామిడి తోటలో అయితే సరే. రెండు, నేల మీద పడుకోకూడదు. వరి చేల మధ్య, అందులోనూ కోతల ముందు, కట్లపాములు తిరిగే కాలం. మూడోది నాకు అర్థం కాలేదు. "పిల్లలిద్దరికీ చెట్టెక్కడం రావాలి. రాకపోతే ఆ సాయంత్రం నేను నేర్పుతా. అప్పటిదాకా గుడారం వెయ్యడానికి వీల్లేదు."

క్లయింటు వింత రిక్వైర్‌మెంట్ ఇస్తే మనం ఏం చేస్తాం? ఎందుకని అడక్కుండా సరే అంటాం. నేనూ అదే చేశాను.

గుడివాడలో వాళ్ళిద్దర్నీ ఎక్కించుకుని పామర్రు, కూచిపూడి, చల్లపల్లి మీదుగా వెళ్ళాం. మోపిదేవిలో ఆగి సుబ్రహ్మణ్యేశ్వరుడికి దణ్ణం పెట్టుకున్నాం. పాముల సంగతి ఆయనకి చెప్పుకోవడం ఆ సీమలో ఆనవాయితీ. దారిపొడుగునా వరి పండి బంగారంలా ఉంది. అవనిగడ్డ దాటాక చెట్లు పల్చబడి రొయ్యల చెరువులు మొదలయ్యాయి. మా చిన్నప్పుడు రోడ్డుకి రెండు పక్కలా ఉన్న నీడ ఇప్పుడు చాలాచోట్ల లేదు. చెరువు గట్టు మీద చెట్టు ఉంటే ఆకులు నీళ్ళలో రాలతాయి, దాని మీద పక్షులు వాలతాయి. రొయ్యల రైతుకి రెండూ నష్టమే. అతన్ని తప్పు పట్టలేను. కానీ నీడ పోయిన మాటా నిజమే.

బాబాయి తోటలో పాతిక ముప్పై మామిడి చెట్లు, గట్టున నాలుగు తాళ్ళు, నూతి పక్కన ఒక ఉసిరి, ఒక ముసలి చింత. నాన్న కారు దిగీ దిగగానే చింతచెట్టు దగ్గరికి వెళ్ళి మొదలు తట్టి చూశాడు. తిరిగొచ్చి మా అమ్మాయిని పిలిచాడు. దానికి తొమ్మిదేళ్ళు. మావాడికి పన్నెండు. వాడు ఎలాగో ఎగబాకేశాడు. ఇది మాత్రం చేతులతో కొమ్మ పట్టుకుని వేలాడటం, జారటం, మోచేతులు గీరుకోవటం.

"చేతులు కాదమ్మా. ముందు కాలు ఎక్కడ పెట్టాలో చూసుకో. కాలికి చోటు దొరికితే చేతికి అదే దొరుకుతుంది."

గంటసేపు అదే పాఠం. మా ఆవిడకి చిరాకొచ్చింది. "మామయ్యగారూ, పాపం అలిసిపోయింది, రేపు నేర్చుకుంటుంది లెండి" అంది. ఆయన వినిపించుకోలేదు. నాకూ కోపం వచ్చింది. ఆరోసారో ఏడోసారో అది మొదటి పంగలోకి చేరి, అక్కణ్ణించి పై కొమ్మకి వెళ్ళి కూర్చుని "తాతయ్యా!" అని కేకేసింది. "ఇంకో కొమ్మ" అన్నాడు. ఎక్కింది. అప్పుడు నా వైపు తిరిగి "ఇహ వేసుకో నీ గుడారం" అన్నాడు.

ఒండ్రు నేలలో గుడారం మేకులు వెన్నలో దిగినట్టు దిగాయి, గాలి వీస్తే అలాగే బయటికొచ్చాయి. ఆఖరికి బాబాయి వెదురు గూటాలు చెక్కి ఇచ్చాడు. లోపల చాపలు, జిప్పు గట్టిగా వేస్తే పాము రాదని నాన్నకి డెమో ఇచ్చి ఒప్పించాను. ఆయనకీ బాబాయికీ నులక మంచాలు.

ఉసిరిచెట్టు కింద వంట. పులిహోర, గుత్తివంకాయ, పచ్చిపులుసు, బందరు లడ్డు. అమెరికాలో నెగడు మీద మార్ష్‌మెల్లో కాల్చుకున్నట్టు ఇక్కడ ఏం కాల్చుకోవాలి అని మావాడి ప్రశ్న. బాబాయి తేగలు తెచ్చాడు. ఆ ఏడాది మొదటి తేగలు. కుంపట్లో కాల్చి, చీల్చి, మధ్యలో చందమామని తీసిచ్చాడు. మార్ష్‌మెల్లో ప్రస్తావన మళ్ళీ రాలేదు.

ఇక్కడ చిన్న పిడకలవేట. మేం తింటుంటే పక్క ఊరి కుర్రాళ్ళిద్దరు బండాపి, "ఏ సంఘం వాళ్ళ వనభోజనాలండీ?" అని అడిగారు. అలా అడగడంలో వాళ్ళకి తప్పేం కనబడలేదు. మనకి కార్తీక ఆదివారాల్లో ప్రతి కులానికీ ఒక తోట, ఒక ఫ్లెక్సీ, ఒక ఎమ్మెల్యే. ఎల్డొరాడోలో మా పక్క సైటులో ఎవరు దిగారో, వాళ్ళదే దేశమో మాకు అనవసరం. బుక్ చేసుకున్నవాడిది జాగా. అది ప్రభుత్వానిది, అంటే అందరిదీ. అమెరికాలో అంతా సమానత్వమేనని నేను చెప్పబోవడం లేదు, పదేళ్ళు ఉన్నాను కాబట్టి తెలుసు. కానీ నీడ అందరిదీ అన్న ఒక్క ముక్క మాత్రం వాళ్ళ దగ్గర నేర్చుకోవచ్చు. మా తాతల కాలంలో ఊరుమ్మడి తోపులుండేవి. ఇప్పుడు నీడ కావాలంటే బాబాయి ఉండాలి. బాబాయి లేనివాడు ఎక్కడికి వెళ్ళాలి?

సరే, అసలు విషయానికొస్తాను.

రాత్రి పదవుతోంది. వెన్నెల పట్టపగల్లా ఉంది. నెగడు చల్లారింది. దోమలు కుడుతున్నా ఎవరికీ లోపలికి వెళ్ళాలని లేదు. మా అమ్మాయి నులక మంచం మీద నాన్న పక్కన చేరి అడిగింది.

"తాతయ్యా, చెట్టెక్కడం నీకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. మగపిల్లలం కదా, ముంజెల కోసం, చింతకాయల కోసం వాటంతటవే వచ్చాయి."

కాసేపాగి చెప్పడం మొదలుపెట్టాడు. మా నాన్న ఉప్పెన గురించి నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. మా మేనత్త ఒకావిడ ఉప్పెనలో పోయిందని తెలుసు, అంతే. ఫొటో కూడా లేదు.

1977 నవంబరు 19, శనివారం. ఆయనకి పదహారేళ్ళు. తాతా నానమ్మా గుడివాడలో పెళ్ళికెళ్ళారు. ఇంట్లో ఆయన, చెల్లెలు, ముసలి జేజమ్మ. ముందు గాలి. పైకప్పు లేచిపోయింది. తర్వాత రైలు వస్తున్నట్టు చప్పుడు. ఆ ఊరికి రైలు లేదు. నీళ్ళు గుమ్మం దగ్గర చూసేలోపే నడుం దాకా వచ్చాయి. పెరట్లో చింతచెట్టు. ఆయన ఎక్కేశాడు. కిందికి వంగి చెల్లెలికి చెయ్యి అందించాడు.

"చెయ్యి పట్టుకుందమ్మా. గట్టిగానే పట్టుకుంది. కాలు ఎక్కడ పెట్టాలో దానికి తెలీలేదు. ఆడపిల్లకి చెట్టెక్కడం ఎవరు నేర్పారు గనక."

అంతకుమించి చెప్పలేదు. మేమూ అడగలేదు. అమ్మ లేచి వెళ్ళి ఆయనకి మంచినీళ్ళు తెచ్చింది. ఆయన కార్లో కూర్చున్న టాహో రాత్రి నాకు గుర్తొచ్చింది. ఆ పైన్ చెట్లకి నేల నుంచి చాలా ఎత్తు దాకా కొమ్మలు ఉండవు.

ఆ తుఫానులో పోయినవాళ్ళు అధికారుల లెక్కలోనే పదివేల పైచిలుకు. మన భాషలో దీన్ని ఉప్పెన అనేశారు కానీ అది సునామీ కాదు. గాలి సముద్రాన్ని ఒడ్డుకి తోసుకొస్తుంది. లోతు తక్కువ తీరంలో ఆ నీటికి వెళ్ళే దారి లేక ఎత్తుగా లేస్తుంది. ఆ తుఫాను చీరాల వైపు తీరం దాటింది. మన తీరంలో తుఫానుకి కుడి పక్కన ఉన్న నేలకి దెబ్బ ఎక్కువ. ఆ కుడి పక్కన ఉన్నది దివిసీమ. సుమారు 5 మీటర్ల ఎత్తు నీళ్ళు, ఎక్కడా గుట్టన్నదే లేని పల్లపు భూమి మీదికి వచ్చాయి. సొర్లగొంది లాంటి ఊళ్ళు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అంతకు ముందు 1864 నవంబరులో బందరు కూడా ఇలాగే మునిగింది.

మర్నాడు పొద్దున్నే హంసలదీవి వెళ్ళాం. వేణుగోపాలస్వామి గుడి చూసి, పాలకాయతిప్ప దాకా పోయి, కృష్ణ సముద్రంలో కలిసే చోటు చూపించాం. నాన్న నీళ్ళలో దిగలేదు. ఆయన చూపు నీళ్ళ మీద లేదు, మడ అడవి మీద ఉంది. బురదలోంచి సూదుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు చూసి పిల్లలు ఆశ్చర్యపోయారు. ఉప్పు బురదలో ఊపిరాడక, ఆ చెట్లు గాలి పీల్చుకోవడానికి వేళ్ళని పైకి పంపిస్తాయని చెప్పాను. ఈ అడవి కృష్ణా అభయారణ్యంలో భాగం. మొత్తం 194.81 చదరపు కిలోమీటర్లు. చేపలు పట్టుకు తినే బావురుపిల్లి ఉండేది ఇక్కడే. అలని పూర్తిగా ఆపే శక్తి ఏ అడవికీ లేదు. కానీ ఆ వేళ్ళ చిక్కుముడిలో పడ్డ నీటికి వేగం తగ్గుతుంది. ఆ తగ్గడంలోనే చెట్టెక్కడానికి ఒక నిమిషం దొరకొచ్చు.

"మడ బాగా ఉన్న చోట ఇంకొంతమంది మిగిలారంటారు" అన్నాడు నాన్న. అంతే అన్నాడు.

అందుకే, ఆ అడవిని కొట్టి అక్కడ కాటేజీలు కట్టి క్యాంపింగ్ సైట్లు చెయ్యమని నేను అడగను. దాన్ని దూరం నుంచి చూసి రావడమే మర్యాద. అడిగేదల్లా, లోపలి ఊళ్ళలో, తుఫాను షెల్టర్ల పక్కన, ఊరుమ్మడిగా ఒక తోపు. చింత, వేప, మర్రి. ఒక నుయ్యి, నాలుగు బల్లలు, రెండు శుభ్రమైన మరుగుదొడ్లు. ఏ సంఘం అని ఎవరూ అడగని చోటు. ఏడాదిలో ఒక రాత్రి పిల్లలు అక్కడ పడుకుంటే, ఏ దారి ఎటు పోతుందో, ఏ చెట్టుకి పంగ ఎక్కడుందో వాళ్ళకి తెలుస్తుంది. మనం ఆఫీసులో డిజాస్టర్ రికవరీ డ్రిల్ అని సర్వర్లకి చేసేది అదే కదా. పిల్లలకి చేస్తే తప్పేముంది?

2025 అక్టోబరు 28న మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఇప్పుడు బందరులో డాప్లర్ రాడార్ ఉంది, రోజుల ముందే హెచ్చరికలు వస్తున్నాయి, జనాన్ని ముందే తరలిస్తున్నారు. 1977కీ ఇప్పటికీ పోలికే లేదు. అయినా ఆ సాయంత్రం కంగారుగా గుడివాడ ఫోన్ చేశాను. కొవ్వొత్తులు, మంచినీళ్ళు, మందులు ఉన్నాయా అని అడుగుతుంటే నాన్న మధ్యలో ఆపాడు.

"అవన్నీ ఉన్నాయి గానీ, పిల్ల చెట్టెక్కడం మర్చిపోలేదు గదా?"

మర్చిపోలేదని చెప్పాను. మా అపార్ట్‌మెంటులో చెట్లెక్కరాదని బోర్డు ఉంది. అది రోజూ సాయంత్రం ఆ బోర్డు పక్కనున్న వేపచెట్టే ఎక్కుతోంది. అసోసియేషన్ వాళ్ళు రెండుసార్లు చెప్పారు. నేను మాత్రం దాన్ని దిగమనలేదు.