కాటా చెప్పని లెక్క

"రెండు నెలల నుంచి నడుస్తున్నానక్కా. అర కిలో కూడా తగ్గలేదు. ఇంకెందుకు?"

ఈ మధ్య ఈ మాట చాలామంది నోట విన్నాను. పీజీ చదివే చెల్లెళ్ళు, కోచింగ్ సెంటర్లలో కూర్చుని కూర్చుని నడుం పట్టేసిన తమ్ముళ్ళు, మీటింగుల్లో టీ, బజ్జీల మీదే రోజు గడిపేసే మన కార్యకర్తలు. కొందరైతే నెల తిరక్కుండానే మానేశారు. అందుకే ఈ వారం సాహిత్యం పక్కనబెట్టి ఒంటి గురించి రాస్తున్నా.

నా లెక్క ముందే చెప్పేస్తా. 14 వారాలుగా, వారానికి 5 రోజులు, రోజుకి ముప్పావు గంట నడుస్తున్నాను. మొదలుపెట్టిన రోజు 76 కిలోలు. నిన్న పొద్దున 76 కిలోల 200 గ్రాములు. తగ్గకపోగా పెరిగాను. అయినా మానను. ఎందుకు మాననో చెప్పాలంటే ముందు మా అమ్మ గురించి చెప్పాలి.

అమ్మ ఎప్పుడూ లావుగా లేదు. పల్నాడులో మిరప కోతలు, పత్తి తీతలు, వరి నాట్లు. ముప్పై ఏళ్ళు ఒంగిన నడుం ఎత్తలేదు. అంత మనిషికి యాభై దాటకుండానే షుగర్ వచ్చింది. కాలి మీద పుండు మానక వేలు తీసేసేదాకా అది షుగరని మాకెవరికీ తెలీదు. "ఇంత కష్టం చేసేదాన్ని, నాకు షుగరేందే?" అని అడిగింది. నా పిహెచ్‌డీలో ఆ ప్రశ్నకి జవాబు లేదు.

జవాబు వేరేచోట దొరికింది. పూణేలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, ఆయన తోటివాళ్ళు తల్లుల్నీ బిడ్డల్నీ ఏళ్ళ తరబడి పరిశీలించారు. అక్కడి పల్లెల్లో పుట్టిన పిల్లల్ని ఇంగ్లండు పిల్లలతో పోల్చి చూస్తే మనవాళ్ళ బరువు తక్కువ, కండ తక్కువ. కొవ్వు మాత్రం ఆ మేరకు తగ్గలేదు. తల్లి కడుపులో తిండి చాలని బిడ్డకి పెద్దయ్యాక షుగర్ ముప్పు ఎక్కువ. అంటే మా అమ్మమ్మ పస్తుల బాకీ మా అమ్మ ఒంట్లో తేలి ఉండొచ్చు. ఆ బాకీ నా దాకా రాదన్న హామీ ఏమీ లేదు. మన దేశంలో ఆడవాళ్ళకి నడుం చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90 దాటితే జాగ్రత్తపడమని డాక్టర్లు చెప్పేది ఇందుకే. తెల్లవాళ్ళ హద్దులు మనకి సరిపోవు.

బాబాసాహెబ్‌కి షుగర్ ఉండేదని మనలో ఎంతమంది తలుచుకుంటాం? రాజ్యాంగ రచన సాగుతున్న రోజుల్లోనే ఆయన ఆరోగ్యం బాగా దెబ్బతింది. 1948 ఏప్రిల్ 15న ఆయన పెళ్ళి చేసుకున్న సవిత గారు డాక్టరు. ఆయన ఆరోగ్యాన్ని ఆమే చూసుకున్నారు. 1956 అక్టోబర్ 14న బౌద్ధం తీసుకున్నారు. డిసెంబర్ 6న వెళ్ళిపోయారు. 65 ఏళ్ళు. ఇంకో పదేళ్ళు ఉండి ఉంటే అని మనం ప్రతి డిసెంబర్‌లోనూ అనుకుంటాం. మన ఒంటి గురించి మాత్రం "ఉద్యమంలో ఉన్నవాడికి ఇవన్నీ ఎందుకు" అనేస్తాం.

ఇక కాటా సంగతి. పత్తి తీసే అమ్మల పిల్లలకి కాటా గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. కిలోల లెక్కన కూలి. పొద్దున్నే తీసిన పత్తిలో మంచు ఉంటుంది కాబట్టి తూగుతుంది. ఆసామి తడి పత్తి అని తరుగు తీస్తాడు. మధ్యాహ్నం ఎండకి ఆరిన పత్తి సంచి నిండా ఉన్నా అంత తూగదు. చేతులు అవే, గీసుకుపోయిన వేళ్ళు అవే. కాటా తూచేది పత్తినీ నీళ్ళనీ కలిపి. కష్టం దానికి కనపడదు.

కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన ఒంట్లోనూ ఇదే జరుగుతుంది. అలవాటు లేని పని పడగానే కండరాల్లో సన్నటి గాయాలవుతాయి. వాటిని మాన్పుకునే పనిలో అక్కడ నీరు చేరుతుంది. రేపటి శ్రమ కోసం కండరాలు గ్లైకోజెన్ దాచుకుంటాయి. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు దాదాపు 3 గ్రాముల నీరు నిలవుంటుంది. రక్తంలో నీటి పాలు కూడా పెరుగుతుంది. ఆడపిల్లలకి నెలసరి ముందు చేరే నీరు వేరే. లోపల కాస్త కొవ్వు కరిగినా ఆ నీళ్ళు దాన్ని కప్పేస్తాయి.

అసలు కరిగేది ఎంతో కూడా లెక్క వేసుకుందాం. ఒక కిలో కొవ్వంటే సుమారు 7,700 కేలరీలు. నా బరువున్న మనిషి ముప్పావు గంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది దాదాపు 200. వారానికి 5 రోజులు నడిస్తే 1,000. తిండి ఒక్క మెతుకు పెరగకపోతే కిలో తగ్గడానికి ఏడెనిమిది వారాలు. నీళ్ళు, ఉప్పు, విరేచనం, నెలసరి వల్ల ఒక్కరోజులోనే కిలో అటూ ఇటూ అయ్యే ఒంట్లో ఆ కిలోని మీరెక్కడ వెతుకుతారు? పైగా నడిచొచ్చాక ఆకలి పెరుగుతుంది, మిగతా రోజంతా కాస్త ఎక్కువ కూర్చుంటాం. రెండు బజ్జీలు, ఒక తీపి టీతో ఆ 200 తిరిగొచ్చేస్తాయి. ఇందులో మీ చేతగానితనం ఏమీ లేదు. ఆకలి ఎరిగిన ఒళ్ళు, ఉన్నది పోకుండా కాపాడుకుంటుంది.

మరి నడిచి ఏం లాభం? నా కాగితాలు చూడండి. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో అప్పుడు 6.1, ఇప్పుడు 5.8. నడుం 94 సెంటీమీటర్ల నుంచి 91కి వచ్చింది. కాలేజీలో మూడో అంతస్తు ఎక్కి ఆగకుండా పాఠం మొదలుపెట్టగలుగుతున్నాను. ఇందులో మాయ లేదు. పని చేసే కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే రక్తంలోంచి చక్కెరని లాక్కుంటుంది. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు ఇన్సులిన్ మాట కూడా బాగా వింటుంది. అందుకే వరసగా రెండు రోజులకి మించి మానొద్దంటారు. నడక మానినవాళ్ళు పోగొట్టుకునేది ఈ లాభాన్ని. అది కాటా మీద కనపడదు కాబట్టి పోయిందని కూడా తెలీదు.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, రోజూ కాటా ఎక్కకండి. నెలకోసారి, పొద్దున్నే, ఏమీ తినకముందు చాలు. టైలరు టేపుతో నడుం కొలవండి. మెట్లెక్కి ఆయాసం చూసుకోండి. నిద్ర ఎలా ఉందో గమనించండి. వారానికి 150 నిమిషాలు చురుకైన నడక, రెండు రోజులు కండకి పని. దానికి జిమ్ము అక్కర్లేదు. బడిలో మనతో శిక్షగా తీయించారే గుంజీలు, చెవులు వదిలేసి అవే తీయండి.

తిండి విషయంలో ఓట్సు, బాదం, సాత్వికం అని డైట్ చార్టులు చూసి సిగ్గుపడొద్దు. గుడ్డు, ఉలవలు, పెసలు, ఎండుచేపలు, పెద్దకూర కండకి మంచి తిండి. తగ్గించాల్సింది అన్నం గుట్ట, తీపి టీలు, నూనె సరుకు. హాస్టల్లో అన్నం అడిగినంత పెట్టి గుడ్డు లెక్కపెట్టి ఇస్తున్నారంటే అది మీ ఒక్కరి డైట్ సమస్య కాదు, అందరూ కలిసి అడగాల్సిన డిమాండు. మూడు నాలుగు నెలలు నడిచి, తిండి సరిచేసుకున్నా నడుం కదలకపోతే థైరాయిడ్, పీసీఓడీ, వాడుతున్న మందుల గురించి డాక్టర్ని అడగండి.

మైదానం కూడా మనకి అంత తేలిగ్గా దొరకదు. నేను నడిచే చోట మొదటి వారంలోనే ఒక పెద్దాయన "మీ ఇంటిపేరేంటమ్మా? ఊళ్ళో ఏ వైపు?" అని అడిగారు. చెప్పాను. మర్నాటి నుంచి ఆ గుంపు పలకరింపు ఆగింది. నా నడక ఆగలేదు.

ఓపిక పట్టండి అని మనకి చెప్పినవాళ్ళకి కొదవ లేదు. వాళ్ళు చెప్పేది చేతులు కట్టుకుని కూర్చునే ఓపిక. నేనడుగుతున్నది అది కాదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగారు. ఆ నీళ్ళ మీద మన హక్కుని బొంబాయి హైకోర్టు నిలబెట్టింది 1937లో. మధ్యలో ఆ పదేళ్ళూ ఆయన తీర్పు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. కేసు నడిపారు, పత్రికలు నడిపారు, పార్టీ పెట్టారు. పని చేస్తూ పట్టే ఓపిక అది. మన ఒంటికి కావాల్సింది ఆ ఓపికే.

రేపు పొద్దున మీ హాస్టల్ నుంచి నలుగురు కలిసి బయల్దేరండి. ఒక్కరైతే మానేయడం తేలిక, నలుగురైతే ఒకరు కాకపోతే ఒకరు తలుపు కొడతారు. వచ్చే వారం హాస్టల్ మెస్ గురించి రాస్తాను. మీ మెనూ కాగితం ఫొటో తీసి పంపండి.

జై భీమ్.