చురుకైనదే ముందు మాడుతుంది

మావారికి హామ్ రేడియో పిచ్చి. ఆ వంద వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు 13.8 వోల్టుల దగ్గర ఇంచుమించు 20 ఆంపియర్లు తాగుతుందిట! బజార్లో కొనుక్కోవచ్చుగా అంటే వినరు. నెల్లాళ్ళు నా భోజనాల బల్లమీద పవర్ సప్లై కట్టారు. ఇటుకంత ట్రాన్స్‌ఫార్మరు, చెంబంత కెపాసిటరు, వరసగా నాలుగు 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు.

కారు హెడ్‌లైటు బల్బులు తగిలించి పరీక్షించబోతే ఇల్లంతా మాడు కంపు. సెట్టు తగిలించలేదు, నయం!

"నాలుగుండగా ఒక్కటే ఎందుకు పోయిందండీ?"

"అన్నీ ఒకేలా ఉండవు. చురుకైనది ఎక్కువ కరెంటు మోస్తుంది. మోసినకొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కినకొద్దీ ఇంకా మోస్తుంది. చివరికి మాడుతుంది."

గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇరవయ్యేళ్ళుగా ఈ ఇంట్లో 'చురుకైన కోడలు' నేనే మరి!

"దానికి మందేమిటి?"

"ఒక్కోదాని ఎమిటరుకీ 0.1 ఓము రెసిస్టరు. ఒకటి ఎక్కువ లాగబోతే అదే అడ్డుపడుతుంది, బరువు మిగతావాటికి పోతుంది. తొందరపడి అవి పెట్టలేదు."

"నాకూ ఒకటి పెట్టండి," అన్నాను. ఆయన నవ్వలేదు.

మర్నాడు కాఫీ ఆయనే కలిపారు. డికాక్షను నీళ్ళలా ఉంది. లేచి మళ్ళీ కలుపుదామనుకున్నాను. కలిపితే కథ మొదటికే! మాట్లాడకుండా తాగేశాను.